తప్పు చేయనివాడికి క్షమాభిక్షా?

ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే మన పత్రికల్లో తరచూ కనబడే మాట ‘క్షమాభిక్ష’. చర్లపల్లిలోనో రాజమహేంద్రవరంలోనో ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీ ఇంటికి ఆ మాట పండగ తెస్తుంది. రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161 కింద గవర్నరుకు ఉన్న అధికారమిది. తప్పు చేసి, శిక్ష అనుభవించి, మారిన మనిషిని మళ్లీ జనంలోకి రానివ్వడం గొప్ప సంస్కారం. కానీ అది శిక్షనే తగ్గిస్తుంది, దోషాన్ని తుడవదు. రాష్ట్రపతి కరుణించినా కోర్టు రికార్డు అలాగే ఉంటుందని 1988లోనే కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి తప్పే చేయనివాడి మాటేమిటి?

బ్రిటన్‌కు ఈ ప్రశ్న గట్టిగానే తగిలింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ముందు నిలిచిన గణిత మేధావి అలన్ ట్యూరింగ్. మరో మగవాడితో సంబంధం ఉందన్నందుకు 1952లో ఆయన్ను దోషిని చేశారు. జైలుకు బదులు హార్మోన్ల చికిత్స పేరుతో ఆ శరీరాన్ని హింసించారు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సయనైడ్ విషంతో పోయారాయన. 2009లో ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2013 డిసెంబరులో రాణి క్షమాభిక్ష ప్రసాదించారు. 2017లో అలాంటి వేలమందికి చట్టం చేసి మరీ అదే ఇచ్చారు. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమన్న ఆ పాత చట్టాల కింద ఒకప్పుడు శిక్ష పడ్డ జార్జ్ మాంటేగ్యూ, అప్పటికే తొంభై దాటిన మనిషి, ఆ క్షమాభిక్షను ఒప్పుకోలేదు. పుచ్చుకుంటే నేరం చేశానని అంగీకరించినట్టే కదా, నాకు కావలసింది క్షమాపణ అన్నారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మనకూ అలాంటి చట్టాన్ని 377 సెక్షన్‌గా 1860లో అంటగట్టింది బ్రిటిష్ పాలకులే. 2018లో దాని కోరలు పీకిన సుప్రీంకోర్టు తీర్పులో, చరిత్ర స్వలింగ ప్రేమికులకు క్షమాపణ బాకీపడిందన్న అర్థంలో రాశారు జస్టిస్ ఇందు మల్హోత్రా.

ఇక మన గడప దగ్గరి కథ. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. హంతకుడు ఇతనేనంటూ పోలీసులు సత్యంబాబు అనే వ్యక్తిని పట్టుకొచ్చారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఇతను హంతకుడు కాడని చెబుతూ వచ్చారు. అంత కడుపుకోతలోనూ ఎవరో ఒకరిని నిందించి ఊరుకోలేదు వాళ్లు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

ఇలాంటివాళ్ల గురించి మనం వాడే మాటలు చూడండి: వదిలేశారట, బయటపడ్డాడట. ఆ ‘అట’లో అనుమానం ఇంకా బతికే ఉంటుంది. పెళ్లి సంబంధం అడిగినా, పని అడిగినా అదే ముందు నడిచి వస్తుంది. క్షమించే అధికారానికి రాజ్యాంగంలో రెండు అధికరణాలున్నాయి గానీ క్షమాపణ చెప్పే బాధ్యతకు ఒక్కటీ లేదు. అరెస్టు నాడు ముసుగేసి కెమెరాల ముందు నిలబెట్టే ప్రభుత్వం, నిర్దోషి అని తేలిన నాడు అదే కెమెరాల ముందుకు తానే రావాలి. ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, తప్పు మాదేనని చెప్పి, మన్నించమని అడగాలి. మన్నించాలో లేదో అతని ఇష్టం.