ఆర్నికా నూనె రాస్తున్నారా? వయ్యారిభామ పడనివాళ్లు జాగ్రత్త!

జుట్టు రాలుతోందనగానే చాలామంది చెప్పే పేరు ఆర్నికా నూనె. ఇంతకీ ఏంటీ ఆర్నికా? యూరప్ కొండల్లోని గడ్డి మైదానాల్లో పెరిగే మొక్క. ఒకసారి వేరూనితే ఏళ్ల తరబడి పసుపు పూలు పూస్తుంది.

మన చామంతి, తార్నాక నుంచి మల్కాజ్‌గిరి దాకా ఖాళీ ప్లాట్లలో మొలిచే వయ్యారిభామ కూడా దీని కుటుంబమే. అసలు చిక్కు ఇక్కడే! ఆర్నికాలోని హెలెనాలిన్, వయ్యారిభామలోని పార్థెనిన్ ఒకే కోవ రసాయనాలు. ఒకటి పడని చర్మానికి రెండోదీ పడకపోవచ్చు. దురద, దద్దుర్లు రావచ్చు.

అందుకే వయ్యారిభామ ఎలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. మిగతావాళ్లు మోచేతి లోపలివైపు కొంచెం రాసి 48 గంటలు చూడాలి. పుండ్లపై అస్సలు రాయొద్దు. ఆర్నికా మొక్కను తిన్నా, కషాయం తాగినా విషమే. ఇక జుట్టు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవు.