ఒంటి అలసటకు సీసాలో మందు ఉన్నదా?

నూలు ధరలను గురించి, రంగుల కొరతను గురించి, రిబేటు బకాయిలను గురించి మన పత్రికలో తరచు వ్రాస్తూనే ఉన్నాము. ఈ నెల మగ్గమును విడిచి, మగ్గము మీద కూర్చునే మనిషిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. కారణము లేకపోలేదు. కొంత కాలముగా మా నేతవాడలో ఒక కొత్త సరకు ఇంటింటికి తిరుగుతున్నది. నీరసము, నిద్ర పట్టకపోవుట, తెల్లవారి లేచేసరికే ఒళ్లు బరువుగా ఉండుట, మధ్యాహ్నము దాటితే చేయి ఆడకపోవుట, ఇవన్నీ 'అడ్రినల్ గ్రంథులు అలసిపోవుట' వలన వస్తున్నవట. వాటికి బలమిచ్చే విటమిన్ మాత్రలు నెలకొక సీసా చొప్పున ఆరు నెలలు వాడితే మళ్లీ ఇరువది ఏండ్ల కుర్రవాని వలె మగ్గము తొక్కవచ్చునట. అమ్మేవారు పరాయివారు కారు. వాడలోనివారే, కమీషనుకు ఆశపడి, సెల్‌ఫోనులో బొమ్మలు చూపిస్తూ చుట్టాల ఇండ్లకే తీసుకొని వెళుతున్నారు. వదినె వచ్చి చెబితే కాదనడము ఎట్లా?

మా ఊరిలో సీసా ఖరీదు 1,200 రూపాయలు చెబుతున్నారు. మగడికి ఒకటి, ఆలికి ఒకటి అంటే నెలకు 2,400 రూపాయలు. ఒక సభ్యుడు ఈ సీసాల కొరకే సంఘములోని తన పొదుపు ఖాతా మీద అప్పు అడిగినాడు. ఆ అర్జీ మా బల్ల మీదికి వచ్చిన తరువాతనే ఈ విషయమును నిదానముగా విచారించినాము, జిల్లా ఆసుపత్రి డాక్టరుగారిని అడిగినాము, దొరికినది చదివినాము. తెలిసినది ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఈ గ్రంథులు ఏమిటో చెప్పవలెను. మన రెండు మూత్రపిండముల మీద టోపీ పెట్టినట్లు రెండు చిన్న గ్రంథులు ఉన్నవి. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు ఉంటుంది. వీటినే అడ్రినల్ గ్రంథులనీ, అధివృక్క గ్రంథులనీ అంటారు. భయము కలిగినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ వీటినుండే వస్తుంది. రక్తపు పోటును, ఒంటిలోని ఉప్పును, చక్కెరను అదుపులో ఉంచే కార్టిసోల్ మొదలైన రసములు కూడ వీటివే. కార్టిసోల్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గిపోతుంది. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి హుకుము చేస్తే ఇవి పనిచేస్తవి. మగ్గములో తొక్కుడుచెక్క నొక్కితేనే అల్లు లేచినట్లు అనుకొనవచ్చును.

ఈ గ్రంథులకు, విటమిన్లకు సంబంధము లేదా అంటే ఉన్నది. అమ్మేవారి మాటకు పట్టు దొరుకుతున్నది కూడ ఇక్కడనే. హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు సెంట్-గ్యోర్గీ 1928లో ఎద్దుల అడ్రినల్ గ్రంథులనుండి ఒక పదార్థమును వేరుచేసినాడు. అదే సి విటమిన్ అని తరువాత తేలినది. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. నేటికిని శరీరములో సి విటమిన్ మిక్కిలి చిక్కగా ఉండే చోట్లలో ఈ గ్రంథులు ఒకటి. బి విటమిన్లలో పాంటోథెనిక్ ఆమ్లము అనేది లేకపోతే ఈ గ్రంథులు తమ రసములను తయారుచేయలేవు. ఇంతవరకు నిజమే. కాని 'గ్రంథిలో సి విటమిన్ ఉన్నది, కాబట్టి మాత్ర మ్రింగితే గ్రంథికి బలము వస్తుంది' అనుట, చీరలో జరీ ఉన్నది గనుక జరీ ఎంత పోస్తే చీర అంత గట్టిపడుతుందని చెప్పినట్లున్నది. పాంటోథెనిక్ ఆమ్లము పప్పులో, గ్రుడ్డులో, పాలలో, కూరలో, దాదాపు తినే ప్రతి వస్తువులోను ఉన్నది. ఏదో ఒకటి తినేవానికి అది లోపించుట అరుదు.

ఇక 'అడ్రినల్ అలసట' అనే పేరు. అది వైద్య కళాశాలలో పుట్టిన పేరు కాదు. అమెరికాలో జేమ్స్ విల్సన్ అనే ప్రకృతి చికిత్సకుడు 1998లో ఈ పేరు పెట్టినాడు. నిజముగా అటువంటి జబ్బు ఉన్నదా అని ఇద్దరు బ్రెజిల్ వైద్యులు అప్పటికి జరిగిన 58 పరిశోధనలను ముందు వేసుకొని చూచి, అట్టిది ఉన్నదనుటకు ఆధారము లేదని 2016లో ప్రకటించినారు. హార్మోను వైద్యుల పెద్ద సంఘము ఒకటి అమెరికాలో ఉన్నది. వారి మాట కూడ ఇదే. అంటే అలసట అబద్ధమని వారు అనలేదు. అలసటకు చెబుతున్న కారణము అబద్ధమన్నారు. ఈ భేదమును మన సభ్యులు బాగుగా గమనించవలెను. గుంటమగ్గములో పది గంటలు కూర్చుని లేచిన మనిషికి 'నీకేమీ జబ్బు లేదు పో' అనే హక్కు ఎవరికిని లేదు.

విటమిన్లంటే మాకు చిన్నచూపు లేదు. ఆ చరిత్రలో మన బట్టల పనివారి ఆడవారికి ఒక స్థానము ఉన్నది. మన తెలుగువాడికి ఇంకా పెద్ద స్థానము ఉన్నది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అక్కడ బట్టల పనిలోనున్న గర్భిణీ స్త్రీలకు ప్రాణాంతకముగా వస్తున్న ఒక రకపు రక్తహీనతను పరిశీలించినది. ఆ పేద స్త్రీల తిండిలో ఏదో ఒకటి కొరవడుతున్నదని కనిపెట్టి, ఈస్టు సారమును ఇచ్చి చూస్తే వారు తేరుకొన్నారు. 1931లో ఆమె దానిని ప్రకటించినది. కొరవడినది ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. దానిని 1945 ప్రాంతమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీగారి మాట విని ఖద్దరు అంగీ తొడుక్కొని శస్త్రచికిత్స గదికి వెళ్లినందుకు, ప్రొఫెసరు ఆగ్రహించగా, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టా ఇచ్చినారని ఆయన చరిత్రలో చెబుతారు. చేనేత పత్రికలో ఈ మాట వ్రాయకుండ ఉండలేకపోయినాము.

బొంబాయి స్త్రీలకు ఆ సారము ఎందుకు పనిచేసినది? వారిలో ఆ లోపము ఉన్నది గనుక. లోపమున్నచోట విటమిన్ అమృతము. లోపము లేనిచోట బూడిదలో పోసిన పన్నీరు. ఏది లోపమో ముందు తెలియవలెను గదా. ఆ పని సీసా చేయదు.

పైన చెప్పిన అర్జీదారుని ఇంటి సంగతే చూడండి. (పేర్లు వ్రాయుట మర్యాద కాదు.) ఆయన భార్య కండెలు చుడుతుంది, పోగులు అతుకుతుంది, ఇంటి చాకిరి అంతా ఆమెదే. పండుగలకు ముందు ఆ ఇంటి చీరలు వాయిదా దాటి వస్తూ ఉండగా మేము అడిగినాము: "ఏమమ్మా, మీ ఇంటి పని ఎన్నడూ ఆలస్యము కాదే?" ఆమె "ఏమి చెయ్యనయ్యా, రెండు మెట్లు ఎక్కితే ఆయాసము, కండె పట్టుకొంటే కళ్లు చీకట్లు కమ్ముతున్నవి. ఆయన తెచ్చిన మాత్రలు మూడు నెలలు వేసుకొన్నాను, ఉన్నట్టే ఉన్నది" అన్నది. వాడకు వచ్చే నర్సమ్మ వేలు గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 7.2 ఉన్నది. ఆడవారికి 12 ఉండవలెను. నెలసరి అధికముగా అవుతున్నదని కూడ అప్పుడే బయటపడినది. అంతవరకు ఆమె మగనితో కూడ చెప్పలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి వైద్యము చేసి, ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు ఉచితముగా ఇచ్చినారు. మూడు నెలలకు 10.1కి వచ్చినది. మాత్రలు ఇంకా నడుస్తున్నవి. అప్పు అర్జీని ఆ సభ్యుడు తానే వెనుకకు తీసుకొన్నాడు.

ఇది ఒక ఇంటి కథ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. మన ఇండ్లలో ఒక చిక్కు ఎక్కువ: టీ. మగ్గము పక్కన టీ గ్లాసు లేని ఇల్లు మేము చూడలేదు. ఇనుము మాత్ర వేసుకొని వెంటనే టీ త్రాగితే ఇనుము ఒంటికి పట్టదు. గంటకు తక్కువ కాకుండ ఎడము ఉంచవలెను. నిమ్మరసముతోనో, ఉసిరికతోనో వేసుకొంటే బాగుగా పడుతుంది.

మాంసము ముట్టని ఇండ్లలో మరొక లోపము కనబడుతుంది. బి12 విటమిన్ ఆకుకూరలలోను, పప్పులలోను లేదు. పాలు, పెరుగు కూడ కొద్దిగా వాడేవారికి అది క్రమక్రమముగా తరిగిపోతుంది. మధుమేహమునకు మెట్ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి వాడేవారికిని తగ్గవచ్చును. నీరసముతో పాటు కాళ్లు చేతులు తిమ్మిరెక్కుట దీని గుర్తు. దీనికి సూదిమందో మాత్రో ఉన్నది, తప్పక పనిచేస్తుంది. అయితే బి12 లోపమున్నవారు పరీక్ష లేకుండ ఫోలిక్ ఆమ్లము ఒక్కటే వాడితే రక్తము బాగుపడినట్లు కనిపించి, లోపల నరములు చెడిపోతూనే ఉంటవి. ఇవికాక థైరాయిడ్ మందగించుట, మధుమేహము, క్షయ, మనోవ్యాకులము, అన్నిటినీ మించి నిద్ర చాలకపోవుట. పెండ్లిండ్ల రోజులలో రాత్రి రెండు గంటల వరకు నేసి, ఉదయము ఆరింటికి లేచేవారికి ఏ గ్రంథి అలసిపోయినదని వెతకనక్కరలేదు.

పోనీ, మేలు చేయకపోయినా కీడు చేయదు గదా అని కొందరు అంటున్నారు. ఆ మాట మేము ఒప్పుకొనలేము. బి6 విటమిన్‌ను పెద్ద మోతాదులో నెలల తరబడి తీసుకొంటే వేళ్ల చివర స్పర్శ పోవచ్చును. వేలికి పోగు తెలియనివాడు ఇంకేమి నేస్తాడు? ఈ సీసాలు కొన్నింటిలో అతిమధురము చేరుస్తారు. అది ఎక్కువైతే రక్తపు పోటు పెరుగుతుంది, ఒంటిలోని పొటాసియము తగ్గుతుంది. అమెరికాలో అడ్రినల్ బలమునకని అమ్మే 12 రకముల మందులను పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించినారు. పన్నెండింటిలోను థైరాయిడ్ హార్మోను కనబడినది. ఎక్కువ వాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోను కూడ ఉన్నది. మన దేశములో ఇట్టి సీసాలు మందుల చట్టము క్రింద కాక ఆహారపు చట్టము క్రింద అమ్ముడుపోతవి. 'వైద్యమునకు ఉపయోగించునది కాదు' అని సీసా మీద ముద్రించవలెనని నిబంధన ఉన్నది. చిన్న అక్షరములలో ఉంటుంది, బడికి వెళ్లే పిల్లలచేత చదివించి వినండి.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతికి వస్తున్నాము. అడ్రినల్ గ్రంథులు నిజముగా చెడిపోవు జబ్బు ఒకటి ఉన్నది. 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దానిని వర్ణించినాడు. ఆయన పేరే దానికి నిలిచినది. మన దేశములో దానికి ముఖ్యమైన కారణములలో క్షయ ఒకటి. మనిషి చిక్కిపోతాడు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతవి, ఉప్పు మీదికి మనసు పోతుంది, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడుతవి. ఇది విటమిన్లకు లొంగదు. ఉదయపు వేళ రక్తములో కార్టిసోల్ చూచి, లోటైన హార్మోనును మాత్రగా ఇవ్వవలెను. ఆలస్యమైతే ప్రాణాపాయము.

మన వాడలలో ఈ గ్రంథులు దెబ్బతినే దారి మరొకటి ఉన్నది, అది మరింత దగ్గరది. నడుము నొప్పికి, మోకాళ్లకు, ఆయాసమునకు పేరు లేని పొట్లములు తెచ్చి మ్రింగే అలవాటు మనకు ఏనాటినుండో ఉన్నది. 'రెండు పూటలకే నొప్పి ఎగిరిపోయినది, ఆకలి కూడ వేస్తున్నది' అంటారు. అట్టి పొట్లములు కొన్నింటిలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటవి. బయటినుండి ఆ రసము నెలల తరబడి వస్తూ ఉంటే ఒంటిలోని గ్రంథులు పని మానివేస్తవి. ఒకనాడు పొట్లము దొరకక ఆపివేస్తే విపరీతమైన నీరసము, వాంతులు, రక్తపు పోటు పడిపోవుట జరుగుతుంది. అప్పుడు 'గ్రంథులు అలసినవి' అని సీసా అమ్మేవాడు వస్తాడు! అలవాటైనవారు పొట్లమును తమంతట తాము ఒక్కసారిగా మానరాదు. డాక్టరు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించుకొనవలెను.

రెండు మూడు వారములకు మించి అలసట వదలనివారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి హిమోగ్లోబిన్, చక్కెర చూపించుకొనవలెను; థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరమా అని అడగవలెను. దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉంటే కఫము పరీక్ష ఉచితము, క్షయ మందులు ఉచితము. రోగి పోషణకు ఇచ్చే సొమ్ము కూడ 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు చేసినారు. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనవారు ఆసుపత్రిలో భాష తెలియక వెనుదీయుట మేము చూచినాము. ముఖ్యముగా పెద్ద వయసు ఆడవారు. అక్కడి బడిలో చదివే మనుమడినో మనుమరాలినో వెంట తీసుకొని వెళ్లవలెను. నెలసరి సంగతి చెప్పవలసి ఉంటే మనుమడు కాక కోడలే వెళ్లుట మంచిది.

మా సంఘములో వచ్చే నెలనుండి చీరలు అప్పగించే రోజున నర్సమ్మ కార్యాలయములో రెండు గంటలు కూర్చునుటకు ఒప్పుకొన్నారు. తక్కిన సంఘములవారు కూడ తమ ఊరి ఆరోగ్య కేంద్రమునకు ఒక అర్జీ పెట్టి ఈ ఏర్పాటు చేసికొనవచ్చును. వచ్చేవారు ఇంటిలో ఉన్న మాత్రల అట్టలు, సీసాలు, పేరు లేని పొట్లముల కాగితములు కూడ ఒక సంచిలో వేసికొని రావలెను. ఏ ఒక్కటిని దాచవద్దు, పారవేయవద్దు. డాక్టరుగారు మొట్టమొదట చూడవలసినవి అవే.