ముప్ఫై డిగ్రీల వాలులో మంట

1987 నవంబరు 18 సాయంత్రం ఏడున్నర ప్రాంతం. లండన్ భూగర్భ రైల్వేలోని కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో, పికడిలీ లైను నుంచి పైకి వచ్చే ఎస్కలేటర్ కింద మంట కనబడుతోందని ప్రయాణికులు చెప్పారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి చూసేసరికి అది పెద్ద అట్టపెట్టె కాలుతున్నంత మంటే. 7:45కి అదే మంట ఒక్కసారిగా టికెట్ హాలును ముంచెత్తింది. 31 మంది చనిపోయారు.

ఆ ఎస్కలేటర్ 1939 నాటిది. మెట్ల పలకలూ పక్క పలకలూ చెక్కవి. అడుగున ఏళ్ల తరబడి గ్రీజు, అందులో కాగితం ముక్కలు, వెంట్రుకలు, బట్టల నూగు పేరుకున్నాయి. ఒట్టి గ్రీజు తేలిగ్గా అంటుకోదు; నూగుతో కలిస్తే అగ్గిపుల్ల చాలు. 1985 నుంచే స్టేషన్లలో పొగ తాగడం నిషేధం. అయినా బయటికి పోతూ పోతూ ఎస్కలేటర్ మీదే సిగరెట్ వెలిగించే అలవాటు పోలేదు. వెలుగుతున్న పుల్ల మెట్టు పక్క సందులోంచి కిందికి జారింది.

పావుగంట చిన్నగా కాలిన మంట అంతలో ఎలా విజృంభించింది? మొదట పైకప్పు రంగు పొరలను అనుమానించారు. హార్వెల్ పరిశోధకులు కంప్యూటర్‌లో లెక్కకట్టి చూస్తే మంట నిటారుగా లేవకుండా మెట్లమీదే వాలిపోయింది. ప్రోగ్రాంలో తప్పుందని చాలామంది అన్నారు. బక్స్‌టన్‌లో మూడోవంతు పరిమాణంలో నమూనా కట్టి తగలబెట్టారు. మంట సరిగ్గా అలాగే వాలింది.

ఆరుబయట మంట అన్ని వైపుల నుంచీ గాలి పీల్చుకుంటుంది. ఇక్కడ రెండు పక్కలా పలకలు అడ్డం. గాలి దిగువ నుంచే ఎగబాకుతూ మంటను ముప్ఫై డిగ్రీల వాలుకు అదిమిపెట్టింది. ఆ సెగకు పై మెట్లు ముందే కాగి, మండే వాయువులు వదిలాయి. అవన్నీ ఒకేసారి అంటుకుని హాలులోకి ఎగజిమ్మాయి. మంట పక్క పలకల చాటునే పాకడంతో, చూస్తున్నవారికి ఆ ఉధృతి తెలియలేదు.

తలుచుకుంటే మనసు కలచివేసేది మరొకటుంది. ప్రయాణికులను విక్టోరియా లైను ఎస్కలేటర్ మీదుగా పైకి పంపారు. అదీ ఆ టికెట్ హాలులోకే చేరుతుంది. మంటలనార్పే నీటి తుంపర పరికరం ఉంది, కానీ దాన్ని ఎవరూ వాడలేదు. సిబ్బందికి సరైన శిక్షణే లేదు. నా దృష్టిలో అగ్గిపుల్ల కన్నా పెద్ద నేరం ఇదే. ఎందుకంటే ఇలాంటి ప్రమాదం ఊహించలేనిది కాదు: ఆ మెట్ల కింద అంతకుముందు అంటుకుని, వాటంతటవే ఆరిపోయిన మంటల మచ్చలు దర్యాప్తులో బయటపడ్డాయి.

విచారణ జరిపిన డెస్మండ్ ఫెనెల్ 157 సిఫారసులు చేశారు. చెక్క ఎస్కలేటర్లను ఒక్కొక్కటిగా తీసేశారు. లండన్ భూగర్భ రైల్వేలో చిట్టచివరిదాన్ని గ్రీన్‌ఫోర్డ్ స్టేషన్ నుంచి తొలగించింది 2014లో.