మా ఆరో తరగతి అచ్చేసిన అనపకాయల పుస్తకం

"టీచర్, మా అవ్వ చెప్పినట్టే రాయల్లా, పుస్తకంలో మాదిరి రాయల్లా?"

ఆరో తరగతి పిల్ల ఒకరోజు ఇలా అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా తెలుగు చెబుతున్నాను. ఇంతవరకు ఏ పిల్లా ఈ మాట అడగలేదు. అడిగే సందర్భమే నేను కల్పించలేదని తర్వాత అర్థమైంది.

మాది హోసూరుకు పక్కనున్న ఒక పల్లె బడి. ఆరో తరగతిలో 14 మంది పిల్లలు. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం. మూడూ గడగడా మాట్లాడతారు. తెలుగు వాచకం చేతికిస్తే మాత్రం సగంమంది ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కి పదో తరగతిని చేరింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ ఎత్తను. పిల్ల బడి సంచిలో తెలుగు వాటా తగ్గిన మాట మాత్రం మనందరికీ తెలిసిందే. వాచకం తప్ప మరో తెలుగు అచ్చు పుస్తకం ముట్టుకోకుండా అయిదు తరగతులు దాటి వచ్చిన పిల్లలు వీళ్లు.

పైన ప్రశ్న అడిగిన పిల్ల తండ్రి జూన్ నెలలోనే నా దగ్గరికి వచ్చి టీసీ అడిగాడు. "తెలుగు చదివి ఏం చేస్తుంది టీచర్? చదవనే రాకపాయె కదా" అన్నాడు. రెండో మాట నిజం. అందుకే మొదటి మాటకు నేను బదులివ్వలేకపోయాను. దసరా దాకా ఆగమని బతిమాలుకున్నాను.

డబ్బు లేని బడికి దొరికిన అలమర

ఆ జూన్‌లోనే స్టోరీవీవర్ తెరిచాను. పేరు ముందే విన్నా, ఎప్పుడూ చూడలేదు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే సంస్థ 2015లో మొదలుపెట్టిన పిల్లల కథల వెబ్‌సైటు అది. తెలుగులో వందలకొద్దీ బొమ్మల కథలున్నాయి. నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయిలో పుటకు ఒకటి రెండు చిన్న వాక్యాలు, నాలుగో స్థాయిలో పెద్ద కథలు. చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అనువదించవచ్చు, అక్కడున్న బొమ్మలతో కొత్త కథ కట్టవచ్చు. దేనికీ పైసా అడగరు. సొంత ఈమెయిల్‌తో ఒక ఖాతా తెరిస్తే చాలు.

ఆరో తరగతి పిల్లలకు మొదటి స్థాయి పుస్తకాలు ఇవ్వడానికి నాకే కొంచెం సిగ్గనిపించింది. ఒకటో తరగతి పిల్లలవి ఇచ్చిందని వాళ్లు చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. అందుకని "ఇవి మీరు రెండో తరగతి పిల్లలకు చదివి వినిపించాలి, వారం రోజులు సాధన చేయండి" అన్నాను. చిన్న ఎత్తుగడే, కానీ పనిచేసింది. రెండో తరగతి పిల్లల ముందు తడబడకూడదని మావాళ్లు మధ్యాహ్నం అన్నాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుని గట్టిగా చదువుకోవడం అదే మొదటిసారి చూశాను.

అసలు రుచి అనువాదంలో ఉంది. స్టోరీవీవర్‌లో ఏ కథనైనా తెరిచి అనువాదం అనే మీట నొక్కితే మూల కథ ఎదురుగా కనబడుతూ, మన భాషలో రాసుకోవడానికి ఖాళీ వస్తుంది. నేను మొదట ఇంగ్లిష్ కథ తీశాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. మర్నాడు తమిళ కథ తీశాను. 14 మందీ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆంధ్రాలో చాలా తెలుగు బడుల్లో ఆరో తరగతి పిల్లలు తమిళ కథ తీసుకుని నేరుగా తెలుగులోకి తేలేరు. మా పిల్లలు తేగలరు. ఇన్నాళ్లూ వీళ్లకు ఏది రాదో లెక్కపెడుతూ వచ్చాను గానీ వీళ్లకే వచ్చినదేమిటో చూడలేదు.

ఇంగ్లిష్‌లో ఒకే 'వుయ్' ఉంటుంది. దాన్ని 'మేము' అనాలో 'మనం' అనాలో పిల్లలు తేల్చుకోలేరు. తమిళంలో 'నాంగళ్', 'నామ్' అని రెండూ విడిగా ఉన్నాయి. మనకూ ఉన్నాయి. ఇక చిక్కేముంది? కానీ 'పాట్టి' దగ్గర బండి ఆగింది. అమ్మమ్మా, నాయనమ్మా? తమిళంలో ఇద్దరికీ ఆ మాటే. ఒకడు బొమ్మలో ముసలామె చీర చూసి నాయనమ్మ అన్నాడు, కారణం వాడికే తెలియాలి. చివరికి ఆ పిల్లే అంది: "మనింట్లో ఇద్దర్నీ అవ్వ అనే కదా పిలిచేది, అవ్వ అని రాస్తే పోలా?" పోయింది.

ఇంకో చిక్కు లిపిది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధలకు ఒకటి. ప, ఫ, బ, భలకు ఒకటి. రోజంతా ఆ లిపి రాసే పిల్లలు తెలుగులో 'గోడ'ను 'కోడ' అని, 'బండి'ని 'పండి' అని రాస్తారు. నోటికి తేడా తెలుసు, చేతికి తెలియదు. పరీక్ష పేపరులో నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టినన్నాళ్లూ ఇది మారలేదు. తమ అనువాదం రెండో తరగతి పిల్ల చేతికి వెళ్తుందని తెలిసిన రోజు నుంచి వాళ్లే ఒకరి పేజీ ఒకరు దిద్దుకున్నారు. పూర్తిగా పోయిందని చెప్పను, సగం తగ్గింది.

పితికిపప్పు

అనువాదాలు నాలుగైపోయాక సొంత పుస్తకం కావాలన్నారు. ఏం రాద్దాం అంటే ఒకరు పులి కథ అన్నారు, ఒకరు సినిమా కథ అన్నారు. ఆ పిల్ల మాత్రం అనపకాయలు అంది. చలికాలం వస్తే మా వైపు ఇంటింటా అనపకాయల వాసనే. గింజలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు ఊడి పప్పు చెంగున దూకుతుంది. ఆ పితికిపప్పు కూరలోకి రాగి సంగటి. పని పెద్దది కాబట్టి ఇల్లంతా కూర్చుని పితకాలి. ఆ కూర్చున్నప్పుడే అవ్వలు కథలు చెబుతారు.

అప్పుడే వచ్చింది మొదట చెప్పిన ఆ ప్రశ్న. అవ్వ చెప్పినట్టా, పుస్తకంలో మాదిరా? రెండు రోజులు ఆలోచించి చెప్పాను: అవ్వ మాట్లాడే చోట అవ్వ చెప్పినట్టే, మీరు చెప్పే చోట మీకు తోచినట్టు. 'ఉండాది', 'ఈపొద్దు', 'చెనిక్కాయలు' అన్నీ అచ్చులోకి వచ్చాయి. తోటి ఉపాధ్యాయుడు ఒకాయన "ఇది రాస్తే పరీక్షలో మార్కులు పోవా?" అన్నారు. పరీక్షలో రాయవద్దని చెప్పాను. ఈ పుస్తకం పరీక్ష కాదు.

అవ్వల మాటలను ఫోన్‌లోనే రికార్డు చేసుకొచ్చారు. కోళ్ల అరుపులు, మోటారు చప్పుడు కలిసిపోయిన చోట ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అక్కరలేనివి కత్తిరించాం. అది పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, నెట్ అవసరం లేదు. తర్వాత ఫోన్‌లో తెలుగు గొంతు టైపింగ్ పెట్టి మాటలను అక్షరాల్లోకి దించాం. 'పితికిపప్పు' అన్నప్పుడల్లా ఫోన్ 'పెసరపప్పు' అని రాసింది. పిల్లలు పగలబడి నవ్వారు. కానీ ఆ తప్పులు పట్టుకోవడానికి ప్రతి అక్షరమూ చదవాల్సి వచ్చింది. నేను అడిగితే ఎన్నడైనా అంత శ్రద్ధగా చదివారా!

మా ఊరికి హోసూరెంతో కర్ణాటక సరిహద్దూ అంతే. ఒక కన్నడ పిల్లవాడు ఇది తమ ఇంట్లో 'హితకిద బేళె' అన్నాడు. తమిళంలో పిదుక్కు, తెలుగులో పితుకు, కన్నడంలో హితకు. అప్పుడు బోర్డు మీద పాలు–హాలు, పులి–హులి, పండు–హణ్ణు అని రాశాను. తెలుగులో మాట మొదట ప ఉన్నచోట కన్నడంలో హ రావడం పిల్లలే కనిపెట్టి, ఆ గంటంతా ఇంకా ఏమేమి ఉన్నాయో వెతికారు. పాఠ్యప్రణాళికలో ఇది ఎక్కడా లేదు. అయినా నా సర్వీసులో మంచి తరగతుల్లో అది ఒకటి.

మేం చేసిన తప్పులు

బొమ్మల దగ్గర మొదటి తప్పు నాదే. అంతకుముందు ఏడాది గోడ పత్రికకు నెట్‌లో వెతికి, బాగున్న బొమ్మ కనబడితే దింపి అంటించేదాన్ని. ఈసారి పిల్లలు తమ బొమ్మల కింద సంతకాలు చేస్తుంటే ఒకడు గోడ పత్రిక చూపించి "మరి ఆ బొమ్మ ఎవరిది టీచర్?" అన్నాడు. నాకు తెలియదు. నెట్‌లో కనబడినంత మాత్రాన అది ఉచితం కాదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. బొమ్మ పక్కన 'సీసీ బై' అని ఉంటే వేసినవారి పేరు చెప్పి వాడుకోవచ్చు. 'ఎన్‌సీ' చేరితే వ్యాపారానికి వాడకూడదు, 'ఎన్‌డీ' చేరితే మార్చిన రూపాన్ని పంచకూడదు. స్టోరీవీవర్ కథలు సీసీ బై కిందే వస్తాయి. రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు చివరి పుటల్లో ఉంటాయి. కాగితం ఆదా అవుతుందని జిరాక్సులో ఆ పుటలు వదిలేయకండి, మేం మొదట వదిలేశాం. బొమ్మలకు, ఫోటోలకు వికీమీడియా కామన్స్ కూడా మంచి చోటు. అక్కడా ప్రతి బొమ్మ కింద లైసెన్సు చూసుకోవాలి.

కృత్రిమ మేధతో బొమ్మ వేయించుకోవచ్చు కదా అని ఒక యువ ఉపాధ్యాయిని ఫోన్ తీసింది. అనపకాయ అడిగితే బఠాణీ కాయ వేసిచ్చింది. మా పిల్ల క్రేయాన్‌తో వేసిన వంకర కాయే అట్ట మీదికి ఎక్కింది.

రెండో తప్పు ఫాంట్లది. దీనికి రెండు వారాలు పోయాయి. పుస్తకం గురించి చిన్న వీడియో చేద్దామని ఒక యాప్‌లో తెలుగు అతికిస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. 'అవ్వ' అన్నది 'అవ్‌వ' అయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు భారతీయ భాషల అక్షరాలను కలిపి చూపించలేవు. తప్పు మన టైపింగ్‌లో ఉండదు. ఏ ఉచిత పరికరమైనా బడికి తెచ్చేముందు 'స్త్రీ', 'అవ్వ', 'కృష్ణుడు' అని మూడు మాటలు అందులో రాసి చూడండి. సరిగా వస్తే ఉంచుకోండి, లేకపోతే ఎంత మెరిసినా వదిలేయండి. తర్వాత అచ్చు దుకాణానికి వెళితే వాళ్ల దగ్గరున్న పాత డీటీపీ ఫాంట్లలో మా యూనికోడ్ తెలుగు పిచ్చి గీతల్లా వచ్చింది. మొత్తం మళ్లీ టైపు చేస్తామన్నారు, చేస్తే కొత్త తప్పులు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, దుకాణానికి చేరడమే ఆలస్యం. వర్డ్ ఫైలు కాక పీడీఎఫ్ చేసి ఇస్తే ఈ గొడవ ఉండదని అప్పుడు తెలిసింది. మండలి, రామభద్ర, సురవరం, పెద్దన వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. చిన్న పిల్లల చదువుకు నాకు మండలి నచ్చింది. రామభద్ర శీర్షికలకే బాగుంటుంది.

పుటలు కూర్చడానికి లిబ్రే ఆఫీస్ వాడాం. అదీ ఉచితమే. ప్రింట్ చేసేటప్పుడు అందులో బ్రోచర్ అనే ఎంపిక ఉంది. దాన్ని పెడితే పుటలు తానే ముందువెనుకలు సర్దుకుంటుంది. ఒక ఏ4 కాగితం మడిస్తే నాలుగు పుటలు. కాబట్టి పుస్తకం 8, 12, 16 పుటలు ఉండేలా చూసుకోవాలి. మాది 12 పుటలు, అంటే మూడు కాగితాలు, నడుమ రెండు పిన్నులు. 30 ప్రతులు వేశాం.

పిల్లల పేరుతో ఎక్కడా ఖాతాలు తెరవలేదు. ఖాతా నాది, పాస్‌వర్డ్ నాది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటుంది. పుస్తకంలో పేర్లున్నాయి గానీ అది ఊళ్లో తిరిగే కాగితం. నెట్‌లో ఏది పెట్టినా 'ఆరో తరగతి పిల్లలు' అనే ఉంటుంది, ఫోటోలు ఉండవు.

ఇంకా చాలా ఉన్నాయి. చిన్న తరగతులకు టక్స్ పెయింట్, రేఖాగణితానికి జియోజీబ్రా, పోస్టర్లకు కాన్వా. ఉపాధ్యాయులమని రుజువు చూపితే కాన్వా విద్యా రూపం ఉచితంగా ఇస్తుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దని మాత్రం నా సలహా. నేను జూలైలో ఆరు యాప్‌లు దింపాను, ఆగస్టుకు రెండే మిగిలాయి. బళ్లారిలో, సోలాపూర్‌లో, రాయగడలో ఉన్న మిత్రులు కన్నడ, మరాఠీ, ఒడియా కథలతో మొదలుపెట్టి చూడండి. మీ పిల్లలకు ఆ భాషలు మీకన్నా బాగా వచ్చి ఉంటాయి.

దసరా సెలవులు అయిపోయాయి. ఆ తండ్రి టీసీ కోసం మళ్లీ రాలేదు. రాడని నేను చెప్పలేను, వచ్చే జూన్ ఇంకా ఉంది. సంక్రాంతి సెలవులకు ముందు పుస్తకం ఇంటికి పంపాం. పిల్ల చదువుతుంటే అవ్వ పితకడం ఆపి విన్నదట. మర్నాడు ఆ పిల్ల బడికి రాగానే పుస్తకం తెరిచి ఏడో పుట చూపించింది.

"టీచర్, గింజలు గంటసేపు నానల్ల అని రాసినాము. మా అవ్వ తిట్టింది. రాత్రంతా నానల్లంట."

ఇంకా పంచని ప్రతులు 11 ఉన్నాయి. వాటిలో పెన్నుతో దిద్దుతున్నారు.