బండి వణకుట ఎందువలన?

గంటకు 50 కిలోమీటర్ల వేగమున నిమ్మళముగా సాగిన పికప్ బండి 100 చేరగనే వణకినచో, తొందరపడి సామాను మార్చుట వృథా వ్యయము. వేగము రెట్టింపైనచో చక్రపు తూకములోని లోపము నాలుగింతల బలముతో లాగును. కనుకనే కొలది గ్రాముల తేడాయు పెద్ద రహదారిపై బయటపడును.

స్టీరింగు వణకినచో ముందు చక్రములను, ఆసనము వణకినచో వెనుక చక్రములనో ప్రొపెల్లర్ షాఫ్టునో మొదట అనుమానింతుము. చక్రములను బ్యాలెన్సు చేయించి, టైరు ఉబ్బును, రిమ్ము వంకరను పరిశీలింతుము. అప్పటికిని వణకు మానకున్నచో, ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు అడ్డముంచి, షాఫ్టు జాయింట్లను చేతితో కదిపి చూతము. వదులైన జాయింటు విరిగినచో షాఫ్టు రోడ్డుపై పడి ప్రాణములకే ముప్పు తెచ్చును. షాఫ్టును విప్పునపుడు గుర్తు పెట్టుకొని, మరల ఆ గుర్తునకే బిగింపవలెను. లేనిచో క్రొత్త వణకును మనమే కొనితెచ్చుకొందుము.