పెసలలోని మాంసకృత్తులు ఎటు పోయాయి?

పెసలలో నూటికి సుమారు 24 పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. ఆ పెసలతోనే చైనావారు చేసే గాజు సేమ్యాలో అవి ఒక పాలైనా ఉండవు! మరి ఏమైనట్లు?

షాన్‌డాంగ్ రాష్ట్రపు లుంగ్‌కౌ సేమ్యా పేరుపొందినది. నానిన పెసలను నీళ్ళతో రుబ్బి, వడగట్టి, పులిసిన తేట కలుపుతారు. పిండిపదార్థం అడుగున పేరుకొంటుంది. మాంసకృత్తులు చాలావరకు పైనీటితో పోతాయి. అడుగుపిండిని ముద్దచేసి, చిల్లుల గిన్నెగుండా మరిగే నీళ్ళలోకి దారాలుగా జారవిడిచి, చల్లార్చి ఆరబెడతారు. ఈ పిండిపదార్థంలో అమైలోజ్ ఎక్కువ. చల్లారేటప్పుడు దాని పొడవాటి అణువులు దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. అందుకే మళ్ళీ ఉడికించినా దారం చిట్లదు, గాజులా మెరుస్తుంది. దానిపై ఒక చుక్క అయొడిన్ ద్రావణం వేస్తే ముదురు నీలిరంగు వస్తుంది. (ఆ తరువాత తినకండి సుమా!)

100 గ్రాముల ఎండు సేమ్యా సుమారు 350 కిలోకెలోరీల శక్తినిస్తుంది. కండ పెరగడానికి మాత్రం అది చాలదు. సొంత రుచీ లేదు. ఏ పులుసులో వేస్తే ఆ రుచిని పీల్చుకుంటుంది. సెచ్వాన్ వారు దానిని మాంసపు కైమాతో వండుతారు. దారాలకు అంటుకున్న తునకలను చూసి ఆ వంటకానికి ‘చెట్టెక్కే చీమలు’ అని పేరు పెట్టారు!

ఇక ఆ పైనీరు? బీజింగ్‌లో అటువంటి నీటినే పులియబెట్టి, కాచి, ‘డౌజీ’ అనే పుల్లని పానీయంగా ఉదయం ఫలహారంతో తాగుతారు.