పిల్లలలో ఉబ్బసము

అర్ధరాత్రి దాటినది. అంతవరకు నిద్రించుచున్న పిల్లవాడు దగ్గుచు లేచి కూర్చుండును. ఛాతీలో పిల్లికూతలు వినవచ్చును. ఊపిరి విడుచుట కష్టముగ నుండును. తెల్లవారుసరికి నెమ్మదించి, పగలు తోడిపిల్లలతో ఆడుకొనును. జలుబే కాబోలునని పెద్దలు ఊరడిల్లుదురు. కొన్ని దినములకు మరల అదే వరుస. ఇట్లు మాటిమాటికి వచ్చు ఆయాసమును ఉబ్బసమేమోనని అనుమానింపవలెను. నవీపేట, బోధను ప్రాంతములలో దీనిని దమ్ము అందురు. ఐదేండ్లలోపు పిల్లలలో పిల్లికూతలన్నియు ఉబ్బసము కావు గనుక నిర్ణయము వైద్యునికే విడువవలెను.

ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు కలవు. ఉబ్బసములో వాని లోపలి పొర వాచును. చుట్టునున్న కండరములు బిగియును. చిక్కని కఫము దారి నడ్డగించును. పసివాండ్ర గొట్టములు అసలే సన్ననివి గనుక కొద్ది వాపే వారికి పెద్ద బాధ యగును. ఆయాసము తగ్గినంతనే లోని వాపు తగ్గదు. అది నివురుగప్పిన నిప్పువలె నిలిచి, చిన్న కారణము దొరికినను మరల రగులును. ఈ ఒక్క సంగతి గ్రహించిన తల్లిదండ్రులు సగము చికిత్స నేర్చినవారే.

ఆ కారణములలో ముఖ్యమైనది జలుబు. పిదప దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి. మన ప్రాంతమున వరికోతల నాటి ధూళి, కొయ్యకాళ్లు కాల్చిన పొగ, పసుపు కొమ్ములను మెరుగుపెట్టునప్పుడు లేచు దుమ్ము తోడగును. బోధను చక్కెర కర్మాగారము 2015లోనే మూతపడినది. దాని పొగగొట్టమును నిందించి లాభము లేదు. మన ఇంటిలోని పొగను చూడవలెను. కట్టెల పొయ్యి, దోమల చుట్ట, అగరువత్తి, ఇంటిపెద్ద కాల్చు బీడీ, ఇవన్నియు పిల్లల ఊపిరికి శత్రువులే. ఈ జిల్లాలో వేలాది స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టుదురు. చాటలో తునికాకు, తంబాకు; ప్రక్కనే పసిబిడ్డ. జీవనాధారమును మానుమనుట మా ఉద్దేశము కాదు. బిడ్డ పండుకొను గదిలో ఆ పని చేయకుండుట, తంబాకును మూతపెట్టి యుంచుట, తడిగుడ్డతో నేల తుడుచుట సాధ్యమే.

మందులు రెండు తెగలు. సాల్బ్యుటమాల్ వంటివి బిగిసిన గొట్టములను నిమిషములలో సడలించును, కాని వాపును మాన్పవు. బుడెసొనైడ్ వంటి పీల్చు స్టెరాయిడ్లు వాపును మెల్లగా అణచును. బాధ లేని దినములందును వైద్యుడు చెప్పునంతకాలము వానిని వాడవలెను. పీల్చు మందు కడపటి మందనియు, అలవాటై విడువదనియు జనులు వెరతురు. ఇది నిజము కాదు. సాల్బ్యుటమాల్ మాత్ర ఒకటి 2 మిల్లీగ్రాములు. ఇన్హేలరు ఒక్క నొక్కుకు వెలువడునది 100 మైక్రోగ్రాములు, అనగా అందులో ఇరువదవ వంతు. అది నేరుగ ఊపిరితిత్తులకు చేరుటచే స్వల్పమైనను చాలును. స్టెరాయిడ్ పీల్చిన పిదప నోరు పుక్కిలింపవలెను. ఎదుగుదలపై కొద్దిపాటి ప్రభావముండవచ్చును గనుక వైద్యుడు పిల్లల ఎత్తు కొలుచుచుండును. అదుపుతప్పిన ఉబ్బసము చేయు కీడు అంతకంటె పెద్దది.

చిన్నపిల్లలు మందును నేరుగ పీల్చలేరు. నడుమ స్పేసరను గొట్టము అమర్చవలెను. కొనలేనివారు నిరాశపడ నక్కరలేదు. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసరు, కొన్న దానివలెనే పనిచేసినదని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో పిల్లలపై జరిపి 1999లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. వైద్యుని యొద్ద ఆ పద్ధతి నేర్చుకొనవచ్చును.

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబమువారిచ్చు చేపమందునకై ఏటేట ఎందరో పోవుదురు. అది ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షలలో రుజువు కాలేదు. ఈడు వచ్చుకొలది కొందరు పిల్లలకు బాధ తానే తగ్గును. దానిని మందు మహిమయని తలచుట సహజము. పోవువారిని మేము గేలిచేయము. అయితే, దానిని నమ్మి రోజువారీ పీల్చు మందును మాత్రము మాన్పింపవలదు. పెరుగు, అరటిపండు మాన్పించి బిడ్డను బక్కచిక్కనీయుటయు తగదు. పడదని నిశ్చయముగ తేలిన పదార్థమునే విడువవలెను.

ఊపిరికి డొక్కలు ఎగురుట, వాక్యము పూర్తిచేయలేకపోవుట, పెదవులు నీలమగుట, చంటిబిడ్డ పాలు త్రాగలేకపోవుట, మగత, ఇవి ప్రమాద చిహ్నములు. వెంటనే 108కి ఫోను చేసి, బిడ్డను కూర్చుండబెట్టి, వైద్యుడు ముందు సూచించిన మోతాదున సాల్బ్యుటమాల్‌ను స్పేసరుతో ఇచ్చుచు ఆసుపత్రికి చేర్చవలెను. తెల్లవారనిమ్మని వేచియుండరాదు.

ఉబ్బసము గల బిడ్డ పరుగిడవచ్చును, ఈదవచ్చును, బడికి నాగా లేక పోవచ్చును. బాధ లేని దినమున గుర్తుంచుకొని ఇచ్చిన మందే బాధ రాబోవు రాత్రి బిడ్డకు అండ.